మూసీ జబ్బుకు మిద్దెమీద మందా?

ఎండలు ముదిరి ఆకుకూరల కట్ట సన్నబడగానే హైదరాబాద్‌లో ఏటా ఒక ప్రశ్న తిరిగొస్తుంది. మురుగునీటితో పండిన పాలకూర తినే బదులు, మట్టే లేకుండా పైపుల్లో పెంచుకుంటే మేలు కదా? ఏ.ఎస్. రావు నగర్‌లో ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్‌కు వ్యవస్థాపకుడైన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకున్న కాలనీ ఇది. పంపు, టైమరు, మీటరు అంటే బెదరని మనుషులున్న చోటు. మిద్దెలున్నాయి, ఓపిక ఉంది, కొనే స్తోమతా ఉంది. భయపడటానికి కారణాలూ ఉన్నాయి. ఒక పక్క చర్లపల్లి పారిశ్రామికవాడ, ఇంకో పక్క జవహర్‌నగర్ చెత్తగుట్ట, కాస్త దూరంలో మురుగు పారే మూసీ నది. అందుకే ఈ మట్టి లేని సాగు, అంటే హైడ్రోపోనిక్స్ గురించి ఇక్కడి జనం అడుగుతున్నది సరదాకు కాదు. అయితే 'మట్టా, నీళ్లా?' అని అడిగితే వచ్చే జవాబు సగమే. ఏ ఆకు, ఏ నీళ్లు, ఎవరి ఖర్చు అని మూడూ కలిపి అడిగితేనే లెక్క తేలుతుంది.

మట్టి లేని సాగు కొత్తది కాదు. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్తలు జూలియస్ వాన్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ లవణాలు కలిపిన నీటిలో మొక్కలు పెంచి, వాటికి ఏయే మూలకాలు కావాలో తేల్చారు. ఆ పద్ధతిని ప్రయోగశాల గడప దాటించి, 1937లో దానికి 'హైడ్రోపోనిక్స్' అన్న పేరు ప్రచారంలోకి తెచ్చినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరిక్. ఆయన పెంచిన టమాటా మొక్కల మీద పత్రికల్లో పెద్ద సందడే జరిగింది. ఆ సందడిలో నిజమెంతో చూడమని అదే విశ్వవిద్యాలయం డెన్నిస్ హోగ్లండ్, డేనియల్ ఆర్నన్‌లకు అప్పగించింది. 1938లో వారు చెప్పిన మాట నేటికీ పాతబడలేదు: కాంతి, వేడి, పోషకాలు సమానంగా అందితే మంచి నేల ఇచ్చే దిగుబడికీ, నీటి సాగు ఇచ్చే దిగుబడికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇప్పటి పోషక ద్రావణాలు చాలావాటికి మూలం ఆ హోగ్లండ్ పేరు మీదున్న ద్రావణమే కావడం విశేషం. మన దేశంలోనూ 1940ల్లో షోల్టో డగ్లస్ అనే నిపుణుడు కాలింపాంగ్ ప్రాంతంలో చవకగా చేసుకునే 'బెంగాల్ పద్ధతి'ని రూపొందించాడు. ఎనభై ఏళ్లు గడిచాయి. ఆకుకూరల మడి మాత్రం మట్టిలోనే ఉంది. కారణం రైతు వెనుకబాటు అనుకుంటే పొరపాటు. అది ఖర్చు నేర్పిన తెలివి.

నీటిలో లాభం, కరెంటులో భారం

నీటి సాగుకు అనుకూలంగా చెప్పే వాదనల్లో మొదటిది నీటి పొదుపు. అది నిజమే. 2015లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో లెట్యూస్ మీద చేసిన ఒక అధ్యయనాన్ని ప్రపంచమంతా ఉదహరిస్తుంటారు. పొలంలో కిలో లెట్యూస్‌కు దాదాపు 250 లీటర్ల నీళ్లు ఖర్చయితే, హైడ్రోపోనిక్స్‌లో 20 లీటర్లతో సరిపోతుందని ఆ లెక్క. చదరపు మీటరుకు ఏడాదికి పొలంలో 3.9 కిలోలు వస్తే, ఇక్కడ 41 కిలోలు. ఇంతవరకే చదివి చప్పట్లు కొట్టేవారు ఎక్కువ. అదే పట్టికలో మూడో వరుస ఉంది. పొలంలో కిలోకు 1,100 కిలోజౌళ్ల శక్తి పడితే, నీటి సాగులో 90,000. మన భాషలో చెప్పుకోవాలంటే కిలో ఆకుకు 25 యూనిట్ల కరెంటు. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా, విత్తనం వేయకముందే కిలో మీద 150 రూపాయలు పడ్డట్టు. ఆ ఖర్చులో ఎక్కువ భాగం గ్రీన్‌హౌస్‌ను వేడి చేయడానికీ చల్లబరచడానికీ పోయేదే కాబట్టి, మిద్దెమీద షేడ్‌నెట్ కింద చిన్న పంపుతో నడిపే అమరికకు ఈ అంకె అలాగే వర్తించదు. కానీ చల్లబరచడం మానేస్తే ఏమవుతుందో మే నెల హైదరాబాద్ చూపిస్తుంది.

పైపుల్లో పారే ద్రావణం 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే వేళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటాయి. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 35 డిగ్రీల దగ్గర 7 కూడా కష్టమే. అప్పుడే పిథియం అనే శిలీంధ్రం లాంటి జీవి వేళ్లను పట్టుకుంటుంది. తెల్లటి వేరు గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే పైపొర జారిపోతుంది. మట్టిలో ఒక మొక్కకు వచ్చిన తెగులు పక్క మడికి పోవడానికి రోజులు పడుతుంది. ఒకే ట్యాంకు నీళ్లు తిరిగే పైపుల్లో ఒక రాత్రి చాలు. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయిందనుకోండి. మడిలో తేమ రెండు రోజులు కాపాడుతుంది. సన్నని నీటి పొర మీద బతికే వేళ్లు గంటల్లోనే వాడిపోతాయి. దీనికి బోరు నీటి బెడద తోడు. చవుడు నీళ్లు వాడితే లవణాల లెక్క తప్పుతుంది. ఆర్వో వడపోత పెడితే వాడుకున్న నీటి కంటే పారబోసేది ఎక్కువయ్యే ప్రమాదం. 20 లీటర్ల లెక్క కాగితం మీద అలాగే ఉంటుంది, కాలువలోకి పోయేది మాత్రం దానిలో కనిపించదు.

కట్ట విప్పితే తెలిసేది

అసలు పోల్చుతున్నది దేన్ని దేనితో? కుషాయిగూడ రైతుబజారులో కొన్న తోటకూర కట్ట ఒకటి విప్పి చూడండి. వేళ్లతో సహా పీకిన లేత మొక్కలు ఇరవై, ముప్పై దాకా ఉంటాయి. వేళ్లకు ఎర్రమట్టి అంటుకుని ఉంటుంది. రైతు గింజలు వెదజల్లి, పైన ఎరువు చల్లి, మూడు నాలుగు వారాల్లో మడంతా పీకి కట్టలు కడతాడు. ఇదే కట్టను పైపుల్లో పండించాలంటే మొక్కకో రంధ్రం, రంధ్రానికో నెట్ కప్పు, అందులో ఇంత కొబ్బరిపొట్టు. వంద రంధ్రాల అమరిక ఎత్తిపెడితే వచ్చేది మూడు నుంచి ఐదు కట్టలు. అదే వంద రంధ్రాల్లో లెట్యూస్ వేస్తే వంద పువ్వుల్లాంటి గుత్తులు వస్తాయి, ఒక్కొక్కటీ విడిగా అమ్ముడుపోతుంది. హైడ్రోపోనిక్స్ దుకాణాల్లో లెట్యూస్, బేసిల్, కేల్, పాక్ చాయ్ ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. పద్ధతి పంటను ఎంచుకుంటుంది, తినేవాడి నాలుక కాదు. పాలకూరను కోసి మళ్లీ చిగురింపజేసుకోవచ్చు కాబట్టి కొంత నయం. పొదలా ఎదిగే గోంగూరకూ, పాకే బచ్చలికీ ఆ పైపులు ఇరుకే. వాటికి మట్టి నింపిన పెద్ద డబ్బాయే సుఖం.

ఆకును బట్టి పోషకమూ మారుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల తోటకూరలో 215 మిల్లీగ్రాముల కాల్షియం, 2.3 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే, ఆకుపచ్చ లెట్యూస్‌లో ఉండేవి 36, 0.9 మిల్లీగ్రాములు. తోటకూరలోని ఆక్సలేట్లు ఆ కాల్షియంలో కొంత ఒంటపట్టనివ్వవన్నది నిజమే అయినా, తేడా చిన్నది కాదు. గర్భిణులు రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2011 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ అవసరం తీర్చేది పది రూపాయల కట్టే గానీ ప్లాస్టిక్ పెట్టెలో చల్లగా కూర్చున్న సలాడ్ కాదు. పైగా తోటకూర జొన్న, మొక్కజొన్నల కోవకు చెందిన సీ4 మొక్క. మండుటెండను తనకు అనుకూలంగా మలుచుకోవడం దాని స్వభావం. చల్లదనం కోరే లెట్యూస్‌ను మన ఎండలో ఖర్చుపెట్టి బతికించడం, ఎండను తిని బతికే తోటకూరను పక్కన పెట్టడం ఏం లెక్క?

ఒకే ఆకును రెండు విధాలా పెంచితే పోషకాల్లో తేడా ఎంత అన్నదానికి పరిశోధనలు ఒక్క గొంతుతో జవాబివ్వలేదు. విత్తనం, వెలుతురు, కోసిన తరువాత వంటింటికి చేరడానికి పట్టిన సమయం ఎక్కువ తేడా తెస్తాయి. ఒక విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. నీటి సాగులో నత్రజని నైట్రేట్ రూపంలో సమృద్ధిగా అందుతుంది. వెలుతురు చాలకపోతే అది ఆకులో పేరుకుంటుంది. యూరప్ దీనికి హద్దులు పెట్టింది. తాజా స్పినాచ్‌లో కిలోకు 3,500 మిల్లీగ్రాములు దాటకూడదు. గ్రీన్‌హౌస్‌లో చలికాలం పండిన లెట్యూస్‌కు 5,000 దాకా సడలింపు ఇచ్చింది. కోతకు ముందు కొన్ని రోజులు పోషకాలు తగ్గించి నీళ్లే పారిస్తే నైట్రేట్ దిగుతుంది. మంచి పెంపకందారులు ఆ పని చేస్తారు. చేశారో లేదో కొనేవారికి చెప్పే చీటీ మాత్రం పెట్టెమీద ఉండదు. 'రసాయనాలు లేని ఆకుకూర' అన్న ప్రచారం కూడా సరికాదు. పురుగుమందు తగ్గవచ్చు గానీ, మొక్కకు పెట్టే తిండి కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ వంటి లవణాలే. అందుకే యూరప్ సేంద్రియ చట్టం మట్టిలో పండనిదానికి ఆర్గానిక్ ముద్ర ఇవ్వదు. అమెరికాలో మాత్రం ఏళ్ల తరబడి వాదోపవాదాలు, కోర్టు కేసుల తరువాత కూడా ఆ ముద్రకు దారి తెరిచే ఉంది.

భయం నిజమే, మందు వేరు

ఇంత చెప్పినా, కాలనీ జనం భయాన్ని కొట్టిపారేయడానికి లేదు. అంబర్‌పేట నుంచి ఉప్పల్, పీర్జాదిగూడ, పర్వతాపూర్, కాచవానిసింగారం, ప్రతాపసింగారం దాకా మూసీ ఒడ్డున దశాబ్దాలుగా నగరపు మురుగే సాగునీరు. ఎక్కువ భాగం పశుగ్రాసం, మిగిలినచోట వరి, ఆకుకూరలు. ఆ రైతుకు వేరే నీళ్లు లేవు, ఏడాది పొడవునా ఆగకుండా వచ్చే నీళ్లు ఇవొక్కటే. హైదరాబాద్ మురుగుతో సాగయ్యే నేలల్లో సీసం, క్రోమియం, జింక్ వంటి లోహాలు పేరుకుంటున్నాయనీ, ఆకుకూరలు వాటిని ఎక్కువగా పీల్చుకుంటున్నాయనీ 2008లో వెలువడిన పరిశోధన చూపింది. ఇటు జవహర్‌నగర్ చెత్తగుట్ట నుంచి కారే నల్లటి ఊట మల్కారం చెరువును ఏం చేసిందో చుట్టుపక్కల ఊళ్లవారికి చెప్పనక్కర్లేదు. ఆకులోని క్రిములను పప్పులో ఉడికించి చంపవచ్చు. సీసాన్ని ఏ కుక్కరూ చంపలేదు.

ఇక్కడ రెండు ప్రమాదాలను విడదీసి చూడాలి. క్రిముల బెడద ముఖ్యంగా పచ్చిగా తినే వాటికి. మన వంటింట్లో తోటకూర, పాలకూర, చుక్కకూర ఉడికించే తింటాం. పచ్చిగా కూర మీద చల్లుకునేవి కొత్తిమీర, పుదీనా. పుదీనా నీటిలో ఇట్టే వేళ్లూనుతుంది, కొత్తిమీర కాస్త చల్లటి నెలల్లో పైపుల్లో బాగానే వస్తుంది. మిద్దెమీది నీటి సాగుకు తెలుగింట్లో నిజమైన చోటు ఇదే. అక్కడ కూడా నీటి సాగు దానంతటదే శుభ్రం కాదు. 2021లో అమెరికాలో గ్రీన్‌హౌస్‌లో నీటి మీద పెంచిన సలాడ్ ఆకుల వల్ల సాల్మొనెల్లా వ్యాపించి అధికారులు దర్యాప్తు చేయాల్సి వచ్చింది. ఇక రెండోది లోహాల బెడద. దానికి మందు కొందరి మిద్దెలమీద దొరకదు. మురుగును శుద్ధి చేసేచోట, పరిశ్రమల వ్యర్థజలాన్ని ఇళ్ల మురుగుతో కలవకుండా ఆపేచోట దొరుకుతుంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం రూ.3,866 కోట్లతో, రోజుకు 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో 31 మురుగుశుద్ధి కేంద్రాలకు అనుమతి ఇచ్చింది. ఆ శుద్ధ జలంలో ఎంత భాగం ఆకుకూరల రైతు మడికి చేరుతుంది, చేరేముందు ఎవరు పరీక్షిస్తారు అన్నదే అసలు ప్రశ్న. హైడ్రోపోనిక్స్ చర్చలో ఇది చెవికెక్కడం లేదు.

ప్రపంచం చెల్లించిన ఫీజు

ఇతర దేశాల అనుభవం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. తిండిలో 90 శాతానికి పైగా దిగుమతి చేసుకునే సింగపూర్, 2030 నాటికి 30 శాతం పోషక అవసరాలు సొంతంగా తీర్చుకోవాలని 2019లో లక్ష్యం పెట్టుకుంది. డబ్బు, సాంకేతికత, కొనే శక్తి మూడూ ఉన్న ఆ దేశంలో ఇండోర్ కూరగాయల కంపెనీలు మూతపడ్డాయి. 2025 నవంబరులో ఆ లక్ష్యాన్ని పక్కనపెట్టి, 2035 నాటికి కూరగాయల వంటి పీచు పదార్థాల్లో 20 శాతం చాలని సరిపెట్టుకుంది. అమెరికాలో వేల కోట్ల రూపాయల పెట్టుబడి పొందిన ఏరోఫార్మ్స్ 2023లో, ప్లెంటీ 2025లో దివాలా రక్షణ కోరాయి. బోవరీ 2024 చివర్లో దుకాణం సర్దేసింది. మరోవైపు దుబాయిలో 2022లో ప్రారంభమైన బుస్తానికా 3.3 లక్షల చదరపు అడుగుల భవనంలో ఏడాదికి పది లక్షల కిలోల ఆకులు పండించేలా నడుస్తోంది. ఎడారి, చవక ఇంధనం, విమానాల్లో భోజనాలకు కట్టుబడ్డ కొనుగోలుదారు ఉన్నచోట లెక్క కుదిరింది. ఈ మూడింటిలో మనకు ఏదీ లేదు.

దీనికి భిన్నంగా నడిచిన రెండు దేశాలు మనకు దగ్గరి పాఠాలు. సోవియట్ పతనంతో ఎరువులు, డీజిల్ ఆగిపోయిన క్యూబా 1990ల్లో హవానా ఖాళీ స్థలాల్లో కంపోస్టు నింపిన ఎత్తు మడులు కట్టి నగరానికి ఆకుకూరలు అందించింది. ఇజ్రాయెల్ తన మురుగులో దాదాపు 90 శాతాన్ని శుద్ధి చేసి సేద్యానికి మళ్లిస్తోంది, ఆ నీటి నాణ్యతకు కచ్చితమైన కొలతలు పెట్టింది. గ్రీన్‌హౌస్‌ల రాజధాని నెదర్లాండ్స్ సైతం వాడేసిన పోషక ద్రావణాన్ని 2027 నాటికి దాదాపు సున్నా స్థాయిలో తప్ప బయటకు వదలకూడదని తన రైతులకు గడువు పెట్టింది. మన కాలనీల్లో ట్యాంకు ఖాళీ చేసిన ద్రావణం నేరుగా డ్రైనేజీలోకే పోతుంది. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు అక్కడి నుంచి ఏ చెరువుకు చేరి గుర్రపుడెక్కను మేపుతాయో ఊహించడం కష్టం కాదు.

డబ్బు ఎటు వెళ్లాలి?

విధానాల గాలి మారుతోంది కాబట్టే ఇప్పుడు ఈ చర్చ. కేంద్ర సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ 2025లో సవరించిన మార్గదర్శకాల్లో హైడ్రోపోనిక్స్, ఆక్వాపోనిక్స్, వర్టికల్ ఫార్మింగ్‌కు చోటిచ్చింది. తెలంగాణ ఏర్పడిన కొత్తలో పాలీహౌస్‌లకు 75 శాతం రాయితీ ఇచ్చిన అనుభవం మనకుంది. ఇనుప చట్రానికి, ప్లాస్టిక్ పరదాకు డబ్బు సులువుగా వచ్చింది. పరదా చిరిగినప్పుడు, ధర పడిపోయినప్పుడు భారం రైతు మీదే పడింది. నేలలో నులిపురుగులు పెరిగిన పాలీహౌస్‌ల్లో మట్టి బదులు కొబ్బరిపొట్టు వాడటం మాత్రం సబబైన పనే. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అందుకు తగిన పోషక ద్రావణాన్నీ తయారుచేసింది. నారు పెంపకానికి, చెత్తగుట్ట చుట్టూ పాడైన నేలలకు, బాగా డబ్బున్న హోటళ్లకు సరఫరా చేసేవారికి మట్టి లేని సాగు పనికొస్తుంది. 2017లో హైదరాబాద్‌లోనే మొదలైన అర్బన్‌కిసాన్ లాంటి సంస్థలు ప్రైవేటు పెట్టుబడితో ఈ రంగంలోకి దిగాయి. వారిని ఆపాల్సిన అవసరం లేదు, ప్రజాధనంతో మోయాల్సిన అవసరమూ లేదు.

ప్రభుత్వం చేయాల్సిన పనులు నాలుగు. మొదటిది పరీక్ష. నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది, ఉప్పల్ దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, తార్నాకలో పోషకాహార సంస్థ ఉంది. మూడూ ఏ.ఎస్. రావు నగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోవే. రైతుబజార్లకు వచ్చే ఆకుకూరల నమూనాలను కాలానికోసారి లోహాలకు, క్రిములకు, పురుగుమందుల అవశేషాలకు పరీక్షించి, ఫలితాలను తెలుగులో అక్కడే గోడమీద అంటించడానికి కొత్త భవనం అక్కర్లేదు. రెండోది నీళ్లు. శుద్ధి కేంద్రాల నీటిలో కొంత వాటాను ఆకుకూరల సాగుకు రాసివ్వాలి. శుద్ధి జరగని పాయల మీద తినే పంట వేయకుండా, బదులుగా పశుగ్రాసానికో, పూలకో రైతును మళ్లించి ఆ నష్టం భరించాలి. మూడోది నేల. ప్లాట్లుగా మారుతున్న కీసర, ఘట్‌కేసర్, శామీర్‌పేట వైపు ఆకుకూరల భూములు నిలవాలంటే, నగరం వాటి ఉనికిని మాస్టర్ ప్లాన్‌లోనే గుర్తించాలి. నాలుగోది చీటీ. నీటిలో పెంచిన ఆకు మీద 'మట్టి లేకుండా పెంచినది' అని, కోసిన తేదీ, నైట్రేట్ పరీక్ష వివరం స్పష్టంగా ఉండాలి. ధ్రువీకరణ లేకుండా 'ఆర్గానిక్' అని అమ్మడాన్ని 2017 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. దాన్ని పట్టించుకునే అధికారి కావాలంతే.

కరెంటు విషయంలోనూ స్పష్టత కావాలి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ ఉంది. నాలుగు గోడల మధ్య ఎల్‌ఈడీ దీపాల కింద పెంచే ఆకు కూడా వ్యవసాయమే కదా అన్న వాదన రేపోమాపో రాక మానదు. ఉచితంగా దొరికే ఎండను కాదనుకుని, ఉచిత కరెంటుతో కృత్రిమ ఎండ తయారుచేసుకునే పంటకు ఆ సౌకర్యం వర్తించదని ముందే తేల్చి చెప్పడం మంచిది.

మిద్దెమీద ఓపిక ఉన్నవారు పైపులు పెట్టుకోవచ్చు, పుదీనా, కొత్తిమీర పెంచుకోవచ్చు. అది మంచి అలవాటు, పిల్లలకు మంచి పాఠం. కానీ పెట్టుబడి వెనక్కి రావాలనుకుంటే మాత్రం పాత తొట్టిలో వంటింటి చెత్తతో చేసిన కంపోస్టు, గుప్పెడు తోటకూర గింజలు ఇప్పటికీ చవక. నగరమంతటికీ సురక్షితమైన ఆకుకూర కావాలంటే అడగాల్సింది పైపుల దుకాణాన్ని కాదు, మన మురుగు ఎక్కడికి పోతోందో చెప్పాల్సిన అధికారులను. ఈసారి రైతుబజారులో కట్ట కొనేటప్పుడు ధరతో పాటు ఇంకో మాట అడగండి: ఏ ఊరిది, ఏ నీళ్లు? అమ్మే ఆమె దగ్గర జవాబు ఉంటుంది. ఆ జవాబు నిజమో కాదో పరీక్షించి చెప్పే బాధ్యత ప్రభుత్వానిది.